పాలమూరు చెప్పిన జవాబులు పాలమూరుకు ఎప్పుడు చేరతాయి?

ఎం.ఏ. ఎకనామిక్స్ చదివే రోజుల్లో లైబ్రరీలో దొరికిన ఒక ఇంగ్లిష్ పరిశోధన పత్రంలో ఔరేపల్లి పేరు చూసి ఆగిపోయాను. అది మా జిల్లా ఊరు. ప్రపంచంలో పేరున్న ఆర్థికశాస్త్ర పత్రికలో, సమీకరణాల మధ్య మా జిల్లా ఊరి పేరు ఉంది. చాలా సంతోషమేసింది. ఆ తర్వాత ఆ పత్రం గురించి తెలిసినవాళ్లు మా చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా అని అడుగుతూ పోయాను. ఒక్కరూ దొరకలేదు. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు.

1975లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టింది. ఎంచుకున్న ఆరు ఊళ్లలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లావి: ఔరేపల్లి, దేవరకద్ర దగ్గరి డోకూరు. మిగతా నాలుగు మహారాష్ట్రవి. ఊరికి 40 ఇళ్లు తీసుకున్నారు. భూమి లేని కూలీలవి పది, చిన్న, మధ్యతరహా, పెద్ద రైతులవి పదేసి. సర్వే చేసే మనిషి ఊళ్లోనే మకాం పెట్టి మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లేవాడు. ఏ పొలం చెక్కలో ఏం వేశారు, ఎన్ని రోజులు కూలికి పోయారు, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు, ఇంట్లో ఏం తిన్నారు, అన్నీ రాసుకునేవాడు. ఔరేపల్లి లాంటి కొన్ని ఊళ్లలో ఇలా పదేళ్లు నడిచింది. అప్పు సంగతి సొంత అన్నదమ్ములకే చెప్పుకోం. అలాంటిది ఆ ఇళ్లవాళ్లు పని పక్కన పెట్టి, కూర్చుని, ఏళ్ల తరబడి చెప్పారు. ఇక్రిశాట్ నడిచింది ఎక్కువగా అనేక దేశాల ప్రభుత్వాలు ఇచ్చిన ప్రజాధనంతో. ఆ డబ్బుతో పాటు ఈ ఊళ్లు ఇచ్చిన సమయాన్ని కూడా పెట్టుబడిగానే లెక్కకట్టాలని నేను నమ్ముతాను.

ఆ జవాబుల నుంచి ఎంత జ్ఞానం పుట్టిందో చూడండి. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఈ ఊళ్లలో నిజమైన డబ్బుతో ఒక ఆట ఆడించాడు. కచ్చితంగా 50 రూపాయలు తీసుకుంటారా, లేక నాణెం ఎగరేసి ఒకవైపు పడితే ఏమీ రాకుండా, రెండోవైపు పడితే 200 వచ్చేలా పందెం కాస్తారా? మధ్యలో ఇంకొన్ని రకాల పందేలు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో 200 రూపాయలంటే కూలిమనిషి నెల సంపాదనకు మించిన సొమ్ము. 1980లో వచ్చిన ఆయన పత్రం తేల్చింది ఇది: పందెం పెద్దదైన కొద్దీ దాదాపు అందరూ ఒక మోస్తరు జాగ్రత్తపరులే అవుతున్నారు, ఉన్నవాడికీ లేనివాడికీ మనస్తత్వంలో పెద్ద తేడా లేదు. పేదరైతు కొత్త విత్తనం, ఎరువు జోలికి పోకపోతే పిరికితనమని ఆఫీసుల్లో అనుకునే మాటకు ఈ ఊళ్లు ఇచ్చిన జవాబు అది. అడ్డం పడుతున్నది అప్పు పుట్టకపోవడం, చేతిలో పైసలు ఆడకపోవడం. ఈ ఒక్క మాట నలభై ఏళ్ల కిందటే ఊళ్లకు తెలుగులో చేరి ఉంటే బ్యాంకు మేనేజర్ ముందు నిలబడే రైతుకు ఎంత బలంగా ఉండేదో!

1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త పత్రం వచ్చింది. ఔరేపల్లితో పాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కలు తీసుకుని ఆయన చూపించిందేమిటంటే, ఒక ఇంటి ఆదాయం ఒక ఏడు బాగా పడిపోయినా ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా పడిపోవడం లేదు, ఊరి సగటుతో పాటే నడుస్తోంది. చేబదుళ్లు, చుట్టరికాలు, ఇచ్చిపుచ్చుకోవడాలు కలిసి బీమాలా పనిచేస్తున్నాయి. మూడింటిలో ఒక ఊళ్లో మాత్రం భూమి లేనివాళ్లకు ఆ అండ తక్కువగా ఉంది. అవే లెక్కలతో వేరేవాళ్లు ఆడపిల్లను దూరపు ఊరికి ఇవ్వడంలో కరువు జాగ్రత్త కూడా ఉందని రాశారు. ఇంకో పత్రంలో కష్టకాలంలో ఎడ్లను అమ్ముకుని తిండి నిలబెట్టుకున్న తీరు రాశారు. అక్కడ కరువు వస్తే ఇక్కడ వియ్యంకుడు ఉన్నాడనే ధైర్యం గురించి మా అవ్వలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ తెలివికి ప్రపంచం విలువ కట్టిందని వాళ్లకు తెలియాల్సింది.

మధ్యలో దాదాపు పదిహేనేళ్లు ఈ సేకరణ నిరంతరంగా సాగలేదు. 2001 తర్వాతే మళ్లీ గాడిలో పడింది. సరిగ్గా ఆ కాలంలోనే మెట్ట పాలమూరులో బాయిలు ఎండి బోర్లు దిగాయి, ఆముదం, జొన్న తగ్గి పత్తి పెరిగింది. మన జీవితాలను తలకిందులు చేసిన మార్పు నెలనెలా నమోదు కాకుండా పోయింది. నిధులిచ్చేవాళ్లు మూడేళ్లకో ఫలితం కావాలంటారు. ఇలాంటి పని ఏ కంపెనీ చేయదు, ప్రజాధనమే చేయాలి. అందుకే నేను పరిశోధన ఖర్చు దండగ అనేవాళ్లతో ఏకీభవించను.

ఫలితం వెనక్కి రాకపోతే ఏం నష్టమో 2003 నాటి వాన బీమా దగ్గర కనిపిస్తుంది. దేశంలో మొదటిసారి మహబూబ్‌నగర్ జిల్లాలోనే చిన్న అప్పులిచ్చే సంస్థ బేసిక్స్, బీమా కంపెనీ ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకు ఆ పాలసీ అమ్మాయి. పంట ఎంత పోయిందో చూడరు. వానమాపకంలో ఎంత పడిందో చూసి డబ్బు ఇస్తారు. పుస్తకం ప్రకారం భయస్తులు ముందుగా కొనాలి. 2008లో వచ్చిన అధ్యయనంలో ఉల్టా తేలింది. జాగ్రత్తపరులే తక్కువ కొన్నారు, అమ్మేవాళ్లతో ముందే పరిచయం ఉన్నవాళ్లు ఎక్కువ కొన్నారు. పాలసీ ఎలా పనిచేస్తుందో పూర్తిగా అర్థం కానప్పుడు ఆ పాలసీయే ఒక రిస్కుగా కనిపిస్తుంది కదా! మండల కేంద్రంలో వాన దంచి మన చేను ఎండిన రోజులు ఎవరికి తెలియవు? ఆ మాట అధ్యయనంలో రాసుకున్నారు. ఆ తర్వాత బీమా కట్టమని రైతును అడిగినప్పుడల్లా అదే అనుమానం మళ్లీ మొదటి నుంచి ఎదురవుతూనే ఉంది.

నల్గొండది ఇంకో రకం అనుభవం. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని కేంద్ర ప్రభుత్వ సంస్థ నీరి 1970లలో రూపొందించింది. నల్గొండ టెక్నిక్ అనే పేరుతో అది ఆఫ్రికా దాకా వెళ్లింది. కానీ ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలో ఎంత ఫ్లోరైడ్, ఎంత క్షారం ఉన్నాయో తెలిస్తేనే కుదురుతుంది. ఇంట్లో బిందె ముందు కూర్చున్న అమ్మకు ఆ అంకె ఎవరు చెప్పాలి?

అంకెను జనం చేతిలో పెట్టిన పని కూడా మన దగ్గరే జరిగింది. 2000లలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజలాల ప్రాజెక్టు నడిచింది. వాటిలో మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి. రైతులే వానమాపకం చూశారు, రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఇంత నీరుంది, వరి ఇన్ని ఎకరాలు వేస్తే ఇంత పోతుంది అని లెక్క వేసుకున్నారు. ఏం వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. అయినా చాలాచోట్ల రైతులు తక్కువ నీటి పంటల వైపు మళ్లారని, భూగర్భజలాల తోడకం తగ్గిందని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక గుర్తించింది. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లోనే వాల్టా చట్టం వచ్చింది, బోరుకు బోరుకు మధ్య దూరం ఎంతో అందులో నిబంధనలూ ఉన్నాయి. వాటికి లోబడని రైతు తన చేత్తో కొలిచిన లెక్కకు లోబడ్డాడు. ప్రాజెక్టు డబ్బు ఆగాక ఆ కొలతలు చాలా ఊళ్లలో సన్నగిల్లాయి. అది నాకు ఇప్పటికీ బాధే.

ఫలితాలు ఊళ్లకు తిరిగి చేరకపోవడానికి ఏ ఒక్క సంస్థనూ తప్పుపట్టలేం. అధ్యాపకుడికి ప్రమోషన్ ఇంగ్లిష్ జర్నల్ పత్రంతో వస్తుంది, తెలుగులో నాలుగు పేజీలు రాస్తే రాదు. ఇక్రిశాట్ ఆ ఊళ్ల డేటాను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టింది, అది గొప్ప విషయం. కానీ ఆ పట్టికలు ఇంగ్లిష్‌లో, కోడ్ నంబర్లతో ఉన్నాయి.

ఫలితాలు ఊళ్లకు చెప్పాలన్న మాట మీద ఒక గట్టి అభ్యంతరం వింటుంటాను. ఫలితాలు ముందే చెప్తే వచ్చే ఏడాది జవాబులు మారిపోతాయని, నలభై ఇళ్లలో ఎవరి సంగతి ఏదో ఊరంతా గుర్తుపడుతుందని. రెండూ నిజమే. ఒక విడత సర్వే ముగిశాక, ఇంటివారీగా కాకుండా ఊరి సగటులు చెప్తే రెండింటికీ దారి దొరుకుతుంది.

ఈ పని చేయడానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు ఉన్నాయి. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007 నుంచి, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008 నుంచి ఉన్నాయి. ఫెలోషిప్ తీసుకునే ప్రతి పరిశోధక విద్యార్థీ థీసిస్‌తో పాటు తెలుగు సారాంశం ఇవ్వాలని, అధ్యయనం చేసిన ఊరికి వెళ్లి చదివి వినిపించి, అక్కడ వచ్చిన ప్రశ్నలను థీసిస్ చివర చేర్చాలని ఒక్క నియమం పెడితే చాలు. ఆ ప్రశ్నల పేజీ లేకుండా పట్టా ఇవ్వకూడదు.

డోకూరులో ఆ పని మొదలైతే ముందుగా 1980 నాటి నాణెం ఆట పత్రం చదవాలి. ఆనాడు పెద్ద పందేనికి వెనకాడినవాళ్ల మనవలు ఇవాళ బోరు కోసం లక్షలు పందెం కాస్తున్నారు. తాత అంత జాగ్రత్తపడిన చోట మీరెందుకు ఇంత సాహసం చేస్తున్నారని అడిగితే వాళ్లేం చెప్తారో వినాలని ఉంది.