సంతకం ఇద్దరిదీ, విశ్వాసం మాత్రం ఆటగాడిదేనా?

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర మళ్లీ అదే గొడవ. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఇక్కడ ఫుటీ అంటారు) క్లబ్ ఎసెండన్‌కి అప్పట్లో కెప్టెన్‌గా ఉన్న జాక్ మెరెట్ పేరు వచ్చింది. 2027 దాకా కాంట్రాక్టు ఉండగానే 2025 అక్టోబరులో హాథార్న్ క్లబ్‌కి వెళ్తానన్నాడు, ఎసెండన్ ససేమిరా అంది, ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గడువు అయిపోయింది, మనిషి ఎక్కడివాడు అక్కడే ఉండిపోయాడు. "సంతకం పెట్టాక మాట మీద నిలబడొద్దా?" అని మా టీమ్‌లో ఒకాయన ఊగిపోతున్నాడు. కాలింగ్‌వుడ్ క్లబ్‌కి వీరాభిమాని. నేను ఒక్క పేరు అన్నాను: ఆడమ్ ట్రెలోర్, కాంట్రాక్టు ఉండగానే 2020లో కాలింగ్‌వుడ్ పంపేసిన ఆటగాడు. ఆయన డబ్బా మూత పెట్టేసి "అది వేరు" అన్నాడు.

ఎందుకు వేరో చెప్పలేదు. ఆ కడుపుమంటే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, ఓపికున్నవాళ్లే చదవండి.

మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లకి ఫుటీ సంగతి చెప్పక్కర్లేదు. ఇండియాలో ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ఐపీఎల్‌లా వేలంపాట కాదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు డ్రాఫ్ట్‌లో పేరిస్తాడు. ఏ క్లబ్ పిలిస్తే ఆ ఊరు పోవాలి. పెర్త్ అబ్బాయిని బ్రిస్బేన్ పిలిచిందంటే బట్టలు సర్దుకోవడమే. జీతాల మొత్తానికి ప్రతి క్లబ్‌కీ ఒక పరిమితి ఉంటుంది, దాన్నే శాలరీ క్యాప్ అంటారు. సీజన్ అయ్యాక కొన్ని రోజులు ట్రేడ్ పీరియడ్. అప్పుడు ఆటగాళ్లని, డ్రాఫ్ట్ పిక్‌లని (డ్రాఫ్ట్‌లో కుర్రాణ్ణి ఎంచుకునే వంతులని) ఇచ్చిపుచ్చుకుంటారు. అయితే కాంట్రాక్టులో ఉన్నవాణ్ణి అతను ఒప్పుకోకుండా పంపడానికి లేదు. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి.

ట్రెలోర్ మిడ్‌ఫీల్డర్. గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ క్లబ్‌లో మొదలుపెట్టాడు. 2015 చివర్లో కాలింగ్‌వుడ్ రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇచ్చి మరీ తెచ్చుకుంది. 2018 గ్రాండ్ ఫైనల్లో వెస్ట్ కోస్ట్ చేతిలో 5 పాయింట్ల తేడాతో ఓడినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 2025 దాకా కాంట్రాక్టు రాసిచ్చారు. అక్కడిదాకా బానే ఉంది.

ఇక 2020. కరోనా ఏడాది, సీజన్ కుదించారు, గ్రాండ్ ఫైనల్ కూడా బ్రిస్బేన్‌లో జరిగింది. క్లబ్బుల ఆదాయం పడిపోయింది, తర్వాతి ఏడాదికి క్యాప్ కూడా తగ్గించారు. కాలింగ్‌వుడ్‌లో చాలామంది జీతాలు మొదటి ఏళ్లలో తక్కువ, చివరి ఏళ్లలో ఎక్కువ అన్న లెక్కన రాసుకున్నవని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. ఇప్పుడు తినేసి, బిల్లు తర్వాత చూసుకుందామనే బాపతు. ఆ బిల్లు వచ్చేసరికి ట్రెలోర్‌ని పిలిచి వేరే క్లబ్ చూసుకోమన్నారు.

బయటికి చెప్పిన కారణం వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అతని భాగస్వామి కిమ్ రవాలియన్ ఆస్ట్రేలియాకి ఆడిన నెట్‌బాల్ క్రీడాకారిణి. క్వీన్స్‌లాండ్ ఫైర్‌బర్డ్స్‌లో చోటు దొరికితే పసిపాపతో అక్కడికి వెళ్లడానికి సిద్ధమైంది. కుటుంబం దూరమైతే ఇతను తట్టుకోగలడా అని క్లబ్‌కి బెంగ పట్టుకుందట! మానసిక ఆందోళనతో బాధపడ్డానని అతనే గతంలో ధైర్యంగా బయటికి చెప్పుకున్నాడు. చివరికి అదే అతని మీదికి వచ్చింది. మేం మాట్లాడుకున్నాం, మాకేం ఇబ్బంది లేదు, నేను ఇక్కడే ఉంటాను అని మొత్తుకున్నాడు. వింటేగా.

నవంబర్ 12 సాయంత్రం నాకు బాగా గుర్తు. ట్రేడ్ గడువు ఏడున్నరకి. లాక్‌డౌన్ సడలించి కొద్ది రోజులే అయింది, ఇంకా ఇంట్లోంచే పని. స్టవ్ మీద పప్పు కుక్కర్, చేతిలో ఫోన్, నిమిషానికోసారి రిఫ్రెష్ కొడుతున్నా. ఏడూ ఇరవై దాటింది, ఇంకా ఏమీ తేలలేదు. "విజిల్స్ లెక్కపెడుతున్నావా, ఫుటీ చూస్తున్నావా?" అని మా ఆవిడ కేక. గడువు ముగిసే క్షణాల్లో కాగితాలు పడ్డాయి. ట్రెలోర్ వెస్టర్న్ బుల్‌డాగ్స్ క్లబ్‌కి. జీతంలో కొంత భాగం కాలింగ్‌వుడ్డే కడుతుంది. పప్పు అడుగంటింది.

నేను బుల్‌డాగ్స్ అభిమానిని. మెల్‌బోర్న్‌కి పడమరనున్న టార్నీట్‌లో ఉంటూ ఇంకెవరికి కొడతాం చప్పట్లు? కాబట్టి ఆ రాత్రి ఎగిరి గంతేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. అదే వారంలో కాలింగ్‌వుడ్ స్టీఫెన్‌సన్, ఫిలిప్స్ అనే ఇద్దరు ఆటగాళ్లని కూడా వదిలించుకుంది. పండగ సేల్‌లో పడి బేరాలు చేసినవాళ్లం మేం. అమ్మినవాణ్ణి తిడుతూ కొన్నవాణ్ణి వదిలేస్తే ఈ పోస్టుకి అర్థం లేదు, అందుకే చెబుతున్నా.

ఇప్పుడు ఇందాకటి వాక్యానికి వద్దాం. ఆటగాడి సమ్మతి లేకుండా పంపకూడదు. ట్రెలోర్ సమ్మతించాడు, సంతకం పెట్టాడు. కానీ రోజూ వెళ్లి కూర్చునే చోట 'నువ్వు మాకొద్దు' అని మొహం మీద చెప్పాక ఇచ్చేది ఏం సమ్మతండీ? అత్తింట్లో కంచం తీసేశాక కోడలు తనంతట తానే పుట్టింటికి వెళ్లిందని చెప్పుకున్నట్టుంది.

ఒకప్పుడు ఆ పాటి రక్షణ కూడా లేదు. 1982లో సౌత్ మెల్‌బోర్న్ క్లబ్‌ని సిడ్నీకి తరలించారు. సిల్వియో ఫోషీనీ అనే కుర్రాడు నేను ఇక్కడే ఉండి సెయింట్ కిల్డాకి ఆడతానన్నాడు. క్లబ్ వదలనంది, లీగ్ కుదరదంది. కోర్టుకి వెళ్లాడు. 1983లో విక్టోరియా సుప్రీం కోర్టు లీగ్ బదిలీ నిబంధనలు మనిషి బతుకుతెరువుకి అడ్డుపడుతున్నాయని తీర్పిచ్చింది. తర్వాత కొన్నేళ్లలోనే శాలరీ క్యాప్, డ్రాఫ్ట్ వచ్చాయి. పాత సంకెళ్లు తీసి కొత్తవి వేశారంటాన్నేను. మా కాలింగ్‌వుడ్ ఆయనేమో డ్రాఫ్ట్ లేకపోతే డబ్బున్న క్లబ్బులే కప్పులన్నీ పట్టుకుపోతాయంటాడు. ఆ మాట నిజమే, ఒప్పుకుంటాను. ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు అయ్యాక ఆటగాడు నచ్చిన క్లబ్‌కి వెళ్లే వీలు, 2012కి గానీ రాలేదు, అది కూడా ఒకే క్లబ్‌లో ఎనిమిదేళ్లు అరిగాక.

పోనీ ట్రెలోర్ ఒక్కడి విషయమేనా అంటే, బ్రోడీ గ్రండీ ఉన్నాడు. అదే కాలింగ్‌వుడ్, అదే 2020లో, ఏడేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. మూడేళ్లు తిరక్కుండా, 2022లో, మెల్‌బోర్న్ క్లబ్‌కి పంపేసింది, ఇక్కడా జీతంలో కొంత తనే భరించి. మరుసటి ఏడాది 2023లో కప్పు గెలిచింది. చూశావా, చేసింది కరెక్టే కదా అంటారు. కప్పు గెలిస్తే మాట తప్పడం మాఫీ అవుతుందా? అలాగైతే కప్పు కోసం క్లబ్ మారే ఆటగాణ్ణి ద్రోహి అని ఎందుకు తిడతారు? క్లబ్ చేస్తే 'లిస్ట్ మేనేజ్‌మెంట్' (జట్టు సర్దుబాటు), ఆటగాడు చేస్తే వెన్నుపోటు.

నాకు ఇంత కోపం ఎందుకంటే, నా సొంత మచ్చ ఒకటుంది. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒకచోట కాంట్రాక్టు ఉద్యోగం. నేను మానాలంటే నాలుగు వారాల ముందు చెప్పాలి, వాళ్లు మాన్పించాలంటే ఒక్క వారం చాలు. ఓ శుక్రవారం మధ్యాహ్నం పిలిచి చెప్పారు. అద్దె ఇల్లు, కడుపుతో ఉన్న భార్య. నా వెనకాల 'పాపం' అన్నవాడు కూడా లేడు. ట్రెలోర్ లక్షల డాలర్ల మనిషి, నాతో పోలికేంటి అంటారా? డబ్బులో పోలిక లేదు. నాకు కనపడేది ఆ కాగితం రాసిన తీరు.

ట్రెలోర్ మాతో 2021 గ్రాండ్ ఫైనల్ ఆడాడు. మూడో క్వార్టర్‌లో 19 పాయింట్ల ఆధిక్యం నుంచి 74 పాయింట్ల తేడాతో ఓడిపోయాం, ఆ మ్యాచ్ గురించి ఇంతకంటే మాట్లాడను. అదే ఏడాది కాలింగ్‌వుడ్ పదిహేడో స్థానంలో తేలింది. 2024లో, 31 ఏళ్ల వయసులో, అతను మొదటిసారి ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకి (ఆ ఏడాది లీగ్‌లో మేటి ఆటగాళ్ల జాబితాకి) ఎంపికయ్యాడు. ఆ రోజు మా ఇంట్లో పాయసం చేశాం, నమ్మండి.

మా పక్కింటి పిల్లాడికి 2020లో ఆరేళ్లు. కాలింగ్‌వుడ్ వాళ్ల నలుపు తెలుపు చారల జెర్సీ, వీపు మీద 7, ట్రెలోర్ నంబర్. ట్రేడ్ అయిన మర్నాడు వాళ్లమ్మ కంచె దగ్గర నిలబడి "ఈ నంబర్ ఊడదీయాలేమో, బట్ట చిరుగుతుందా?" అని మా ఆవిణ్ణి అడిగింది. పిల్లాడు ఒప్పుకోలేదు, అలాగే వేసుకు తిరిగాడు. తర్వాత ఆ 7 జాష్ డైకోస్‌కి ఇచ్చారు. జెర్సీ పొట్టిదైపోయి ఇప్పుడు వాళ్ల తమ్ముడు వేసుకుంటున్నాడు. ఆ నంబర్ ఎవరిదిరా అంటే డైకోస్‌ది అంటాడు.