జట్టును కూర్చే పని పిల్లలకు అప్పగించండి

గత వేసవిలో ఇక్కడి తెలుగు సంఘాల మధ్య జరిగిన ఫుట్‌బాల్ పోటీలో మన పదిహేనేళ్లలోపు జట్టు తొలి రౌండులోనే ఇంటిదారి పట్టడం నన్ను పెద్దగా బాధించలేదు. ఆ సాయంత్రం బహుమతుల వేళ, పిల్లలు ఇంకా బురద బూట్లతోనే హాలు ముందు వరుసలో నేల మీద కూర్చుని ఉండగా, మనమంతా గౌరవించే ఒక పెద్దాయన మైకు అందుకుని, “కంప్యూటర్ ముందు కూర్చుని కప్పులు గెలిచేవాళ్లు మైదానంలో గెలవలేరని ఈరోజు తేలిపోయింది” అన్నారు. సభ నవ్వింది. ఆ మాట ఎవరికి తగలాలో వారికే తగిలింది. పదహారేళ్లు నిండినందువల్ల జట్టులో ఆడే వీలు లేక, యువజన విభాగం వారు అడిగితే వ్యూహం రాసిచ్చిన మా అక్క కొడుకు తల వంచుకుని కూర్చున్నాడు. వాడు రాసిచ్చిన కాగితాన్ని ఆ ఉదయమే పక్కన పెట్టేశారని, మైదానంలోకి దిగినది వాడు కూర్చిన జట్టు కాదని ఆ నవ్విన వారిలో చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమంది కూడా చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు వాడు కంప్యూటర్ మీద ఆడే ఆ ఆట గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో దాన్ని తిట్టేవారే గాని తెరకేసి ఒక్క గంట చూసినవారు తక్కువ. ఫుట్‌బాల్ మేనేజర్ అనే ఈ ఆటలో బంతిని తన్నే బొత్తాలు ఉండవు. మీరు ఒక క్లబ్బుకు మేనేజర్. ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, ఎవరిని కొంతకాలానికి లోన్ మీద చిన్న క్లబ్బుకు పంపాలి, శనివారం ఏ పదకొండుగురిని దించాలి, వారిని ఏ ఫార్మేషన్‌లో, అంటే ఏ వరుసల అమరికలో, నిలబెట్టాలి, బంతి కోసం ఎంత ముందుకెళ్లి ప్రత్యర్థి మీద ఒత్తిడి పెట్టించాలి అన్నవి నిర్ణయించి పక్కన నిలబడతారు. మ్యాచ్ మీ కళ్లముందు జరుగుతుంది, ఫలితానికి మీరు జవాబుదారీ. ఇంగ్లండ్‌లో పాల్, ఆలివర్ కాలియర్ అనే అన్నదమ్ములు తయారుచేసిన మాతృక 1992లో ఛాంపియన్‌షిప్ మేనేజర్ పేరుతో వచ్చింది. పంపిణీ సంస్థతో విడిపోయాక వారి స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సంస్థ 2004 చివరి నుంచి ఫుట్‌బాల్ మేనేజర్ అన్న కొత్త పేరుతో ఆటను కొనసాగించింది. నేను ఎమ్మెస్సీకి ఈ దేశం వచ్చినప్పుడు, ఒకే ఇంట్లో ఉండే నలుగురం రాత్రి వంటయ్యాక ఒక్క ల్యాప్‌టాప్ చుట్టూ చేరి ఆడినది ఆ పాత ఛాంపియన్‌షిప్ మేనేజరే. ఈ దేశపు ఊళ్ల పేర్లు నాకు రైలు పట్టికలకంటే ముందు ఆ ఆటలోని మూడో డివిజన్ క్లబ్బుల వల్లే తెలిశాయి.

ఈ ఆటలో గోలు కాపలాదారు మినహా ప్రతి ఆటగాడికీ తెర మీద 36 గుణాలు, ఒక్కొక్కటీ 1 నుంచి 20 వరకు అంకెతో కనిపిస్తాయి. వాటిలో వేగం, బలం, దూకుడు వంటివి మనం ఊహించగలిగేవే. అయితే పాస్, ట్యాకిల్, హెడింగ్ వంటి నైపుణ్యాలకు ఎన్ని గడులు ఉన్నాయో, నిబ్బరం, ఏకాగ్రత, నిర్ణయశక్తి, జట్టుతనం వంటి మనోగుణాలకూ సరిగ్గా అన్నే ఉన్నాయి. వీటికి తోడు అంకె రూపంలో ఎప్పటికీ కనిపించని మరికొన్ని గుణాలున్నాయి. ఒత్తిడిని తట్టుకోగలడా, పెద్ద మ్యాచ్‌లో కుంగిపోతాడా, ప్రతివారం ఒకే స్థాయిలో ఆడతాడా అన్నవి కోచ్‌ల నివేదికల నుంచి, ఆటగాళ్లను వెతికి అంచనా వేసే స్కౌట్ల మాటల నుంచి, ఆటగాణ్ని నెలల తరబడి గమనించడం నుంచి మేనేజరే గ్రహించుకోవాలి. ఈ సమాచారం గాలిలోంచి పుట్టినది కాదు. ప్రపంచమంతటా స్థానిక మ్యాచ్‌లు చూసే పరిశీలకులు పంపే అంచనాల మీద అది నిలబడింది. 2008లో ఎవర్టన్ క్లబ్బు తన స్కౌటింగ్ కోసం ఈ ఆట సమాచారాన్ని వాడుకునేందుకు ఒప్పందం చేసుకుందంటే దాని విలువ తెలుస్తుంది.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది మాట ఇవ్వడం. ఒక ఆటగాణ్ని జట్టులోకి తీసుకునేటప్పుడు అతనికి ఎంత ఆట దొరుకుతుందో ముందే ఒప్పుకోవాలి. కీలక ఆటగాడివా, తరచూ ఆడేవాడివా, అవసరమైనప్పుడు పనికొచ్చేవాడివా అన్నది ఒప్పందంలో ఉంటుంది. తరచూ ఆడిస్తానని చెప్పి బెంచీ మీద కూర్చోబెడితే కొన్ని వారాలకు అతను మీ గదికి వస్తాడు. మీరు సర్దిచెప్పవచ్చు, మరో మాట ఇవ్వవచ్చు. ఆ మాటా తప్పితే అతను ఒక్కడే అలగడు, అతనితో కలిసి తిరిగే గుంపు మొత్తం మీ మీద నమ్మకం కోల్పోతుంది. జట్టులో పెద్దరికం ఉన్నవాడికి మాట తప్పితే డ్రెస్సింగ్ రూమ్ అంతా చల్లబడిపోతుంది, ఆ చల్లదనం వరుస మ్యాచ్‌లలో ప్రత్యర్థులకిచ్చే గోల్స్ రూపంలో బయటపడుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ ఆటతో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఫార్మేషన్ తప్పయితే ఒక మ్యాచ్ పోతుంది, మాట తప్పితే సీజనే పోతుంది.

వ్యూహం సంగతీ అంతే. కొత్త పద్ధతిని జట్టుకు నేర్పడానికి ఆటలో వారాలు పడుతుంది, ఆటగాళ్లకు అది అలవాటయ్యే కొద్దీ తెర మీద గీత మెల్లగా నిండుతుంది. ప్రతి ఓటమికీ బెదిరి పద్ధతి మార్చేసేవాడి గీత ఎప్పటికీ నిండదు. మ్యాచ్ మధ్యలో బెదిరిపోయి ఆడుతున్న కుర్రాడి మీద విరామంలో కేకలేస్తే వాడి ఆట ఇంకా దిగజారుతుంది. మా మేనల్లుడు పన్నెండేళ్ల వయసులో నాకు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: “మామయ్యా, నువ్వు కోప్పడితే వాడు భయపడ్డాడు చూడు. బాగానే ఆడుతున్నావని చెప్పాల్సింది.”

ఇక ఆ కాగితం సంగతి. అది నా దగ్గర ఉంది. వాడు వసంతమంతా శనివారం సాధనలకు వెళ్లి, గీత బయట గడ్డిలో కూర్చుని, ఒక్కొక్క పిల్లవాడి గురించి రెండేసి వాక్యాలు రాసుకున్నాడు. ఏడుగురు చొప్పున ఆడే పోటీ కనుక వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఒక్కడు అన్న పద్ధతిని ఎంచుకుని, సాధనలో పిల్లలకు అదే అలవాటు చేశాడు. అందరికంటే పొడుగైన కుర్రాణ్ని స్ట్రైకర్‌గా నిలపాలని అందరూ అంటారు. వాడికి బంతి కాలికి తగలగానే జారిపోతుందని, అయితే తోటివాళ్లను పేరుపెట్టి పిలుస్తూ సర్దగలడని గమనించి వెనక నిలబెట్టాడు. మరో కుర్రాడి గురించి ఇలా రాశాడు: “వాళ్ల నాన్న గీత దగ్గర నిలబడి అరిస్తే బంతిని వెంటనే ఎటో తన్నేస్తాడు. ఆయన ఉండని వైపు అంచున ఆడించాలి. మొదటి సగంలో కుడి, జట్లు వైపులు మారాక ఎడమ.” ఈ వాక్యాన్ని చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ కుర్రాణ్ని మనమంతా ఏళ్లుగా చూస్తున్నాం, వాడు పిరికివాడని మనలో కొందరం అనేసుకున్నాం కూడా. వాడి ఆటను కాపాడేందుకు మైదానంలో ఎక్కడ నిలబెట్టాలో ఆలోచించినవాడు మాత్రం ఈ పదహారేళ్లవాడు.

గోలు కాపలాకు వాడు ఎంచుకున్నది ఆ ఏడాదే విజయవాడ నుంచి వచ్చిన పిల్లవాణ్ని. ఇక్కడి పిల్లలతో ఇంకా కలవలేదు, పలకరిస్తే తల ఊపుతాడు. అక్కడ బడిలో వికెట్ కీపింగ్ చేశాడని, చేతులు బంతిని వెతుక్కుంటూ వెళ్తాయని మావాడు పట్టుకున్నాడు. తొలి మ్యాచ్ మొత్తం నువ్వే ఆడతావని వాడికి మాట ఇచ్చాడు. ఆ పిల్లవాడు ముందురోజు రాత్రి వీడియో కాల్‌లో తాతయ్యకూ అమ్మమ్మకూ ఆ సంగతి చెప్పుకున్నాడట.

పోటీ రోజు ఉదయం, టీ కప్పులు చేతిలో పట్టుకుని, కార్యవర్గంలో కొందరు పెద్దలు జట్టును మార్చారు. సంఘం పుట్టినప్పటి నుంచి ఉన్న కుటుంబాల పిల్లలు మొదట దిగాలన్నారు, ముందు ముగ్గుర్ని పెట్టి దాడి చేయించాలన్నారు, గోలు దగ్గర ‘అనుభవం’ ఉన్నవాడు ఉండాలన్నారు. తండ్రి అరుపులకు బెదిరే కుర్రాణ్ని సరిగ్గా ఆయన నిలబడ్డ వైపే నిలబెట్టారు. విజయవాడ పిల్లవాడు గ్లవ్స్ తొడుక్కుని చివరిదాకా బెంచీ మీదే ఉన్నాడు. ఆ తర్వాత ఒక్క శనివారం కూడా వాడు సాధనకు రాలేదు. మావాడు వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాడు, మాట తప్పినది తాను కాకపోయినా.

పెద్దల పక్షాన చెప్పవలసినది లేదని నేను అనను. ఆ పోటీ జరగడానికి మైదానం బుక్ చేసినది, తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి డబ్బాలకెత్తినది, గాయమైతే కట్టు కట్టినది వారే. సంఘాన్ని నిలబెట్టిన కుటుంబాలకు ఒక మర్యాద దక్కాలన్న ఆలోచన మన ఊళ్ల నుంచి మనతో వచ్చినది, దాని వల్లే ఇన్నేళ్లుగా ఈ గడ్డ మీద మనం ఒకరికొకరం మిగిలాం. పిల్లలు రాత్రి రెండింటిదాకా తెర ముందు కూర్చుని ఉదయం బడికి కళ్లు నలుపుకుంటూ పోతున్నారన్న ఫిర్యాదూ నిజమే, మా అక్క ఇంట్లోనూ ఆ గొడవ ఉంది. మనిషికి అంకె వేసి చూడటం అలవాటైతే అంకెకు అందనివాణ్ని చిన్నచూపు చూసే ప్రమాదం ఉందన్నదీ ఆలోచించదగ్గదే. అయితే మర్యాద భోజనాల వరుసలో చూపించుకోవచ్చు. పెళ్లివారి దగ్గరి చుట్టమని ఎవరినీ గాడిపొయ్యి దగ్గర వంటకు నిలబెట్టం కదా, వండటం వచ్చినవాణ్నే నిలబెడతాం.

తెర మీద నేర్చినది గడ్డి మీద పనికిరాదన్న మాటకు జవాబు ఫ్రాన్స్‌లో ఉంది. బెల్జియంలో ఆంగ్లేయ దంపతులకు పుట్టిన విల్ స్టిల్ చిన్నప్పటి నుంచి ఈ ఆటే ఆడుతూ పెరిగారు. 2022 అక్టోబరులో, ముప్పై ఏళ్లకే, ఫ్రెంచి మొదటి డివిజన్‌లోని రాన్స్ క్లబ్బు బాధ్యతలు తీసుకున్నారు. అవసరమైన లైసెన్సు ఆయనకు లేకపోవడంతో క్లబ్బు మ్యాచ్‌కు 25,000 యూరోల జరిమానా కడుతూ ఆయన్నే ఉంచుకుంది, ఆయన కింద జట్టు లీగ్‌లో 17 మ్యాచ్‌ల దాకా ఓడలేదు. ఆట ఒక్కటే ఆయన్ను కోచ్‌ను చేసిందని చెబితే అబద్ధం అవుతుంది. ఇంగ్లండ్‌లో కోచింగ్ చదివి, బెల్జియం క్లబ్బులో వీడియో విశ్లేషకుడిగా మొదలుపెట్టి ఎదిగిన మనిషి ఆయన. అయినా ఆ ఆసక్తిని చిన్నతనంలోనే ఎవరైనా మైకులో నవ్వులపాలు చేసి ఉంటే ఆ చదువుదాకా వెళ్లేవారా?

ఫ్రాన్స్‌దాకా ఎందుకు, మన హైదరాబాద్‌లోనే సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉన్నారు. బడిపంతులుగా ఉద్యోగం చేసిన ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చి 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిపించారు. భారత జట్టును 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికీ నడిపించారు. 1962లో జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, వెనక ఆడటం కష్టమని ఆయన్ను ఇంటికి పంపలేదు, స్ట్రైకర్‌గా ముందుకు మార్చారు. దక్షిణ కొరియాపై 2–1తో గెలిచిన ఫైనల్లో జర్నైల్ గోలు కొట్టారు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీమ్ మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఎవరు ఏ పేరుగలవాడు అన్నది చూడకుండా, ఈ మనిషి ఈరోజు ఏ చోట నిలబడితే జట్టుకు పనికొస్తాడు అని చూసే ఆ చూపునే నేను మా మేనల్లుడి కాగితంలో, దాని స్థాయిలో, చూశాను.

మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2025 నవంబరులో విడుదలైన తాజా ఆటలో తొలిసారి మహిళల లీగులు వచ్చాయి. మన పోటీలో ఆడపిల్లలకు ఇంకా జట్టే లేదు, వారిని ముగ్గుల పోటీ వైపే పంపుతున్నాం. అడిగితే ఆడతామనే పిల్లలు మన తెలుగు బడిలోనే ఉన్నారు, నాకు వారి పేర్లు తెలుసు.

రాబోయే సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం ముందు నేను పెట్టబోయే విన్నపం ఇది, దీనికి మీ మద్దతు కోరుతున్నాను. వచ్చే వేసవి పోటీకి జట్టును కూర్చే బాధ్యతను యువజన విభాగం పిల్లలకే పూర్తిగా అప్పగించండి. జట్టును పోటీకి రెండు వారాల ముందే ప్రకటించనివ్వండి, ఎవరు ఎంతసేపు ఆడతారో ప్రతి పిల్లవాడికీ, ప్రతి అమ్మాయికీ ముందే చెప్పనివ్వండి, చెప్పాక గాయమైతే తప్ప మార్చకండి. పెద్దలు సలహా ఇవ్వాలనుకుంటే శనివారం సాధనలకు రండి, పిల్లలు వింటారు. పోటీ రోజు ఉదయం మాత్రం వద్దు. తెలుగు బడి హాలులో ప్రొజెక్టర్ ఎలాగూ ఉంది కాబట్టి ఈ చలికాలంలో కొన్ని సాయంత్రాలు తల్లిదండ్రులూ పిల్లలూ పక్కపక్కన కూర్చుని ఈ ఆట ఆడే ఏర్పాటు నేను చేస్తాను, తొమ్మిదింటికల్లా ముగిస్తాను. తమ పిల్లవాడు బెంచీ మీద ఉన్న ఆటగాడితో ఎలా మాట్లాడుతున్నాడో తల్లిదండ్రులు అక్కడ చూడాలని నా కోరిక. విజయవాడ నుంచి వచ్చిన ఆ కుటుంబాన్ని ఆ సాయంత్రాలకు పిలిచే బాధ్యత మాత్రం కార్యవర్గంలోని పెద్దలే స్వయంగా తీసుకోవాలి, ఫోనులో కాదు, వాళ్లింటికి వెళ్లి.