కాస్ట్రీస్‌లో ఒక్క పూట

మా క్రూయిజ్ ఓడ పొద్దున్న 8 గంటలకే కరీబియన్ ద్వీపం సెయింట్ లూసియాలో కాస్ట్రీస్ రేవుకి చేరింది. మేం నేల మీద కాలు పెట్టేసరికి పదిన్నర! ఓడవాళ్ల టూర్లు కొన్నవాళ్లని ముందు దింపి, మిగతావాళ్లని వరసలో నిలబెట్టారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. కూర్చోడానికి ఒక్క కుర్చీ కూడా వేయలేదు.

బయటికొస్తే వ్యాను నిండేదాకా కదలదు. పీటన్ కొండల దగ్గరి ఊరు సూఫ్రియేర్‌కి మెలికల రోడ్డులో గంటన్నర. గ్రో పీటన్, పెటీ పీటన్ సముద్రం ఒడ్డునే నిలువునా లేచిన కొండలు, 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. వాటి ముందు మాకు దక్కింది పదిహేను నిమిషాలు.

పైగా టైం గొడవ. ఓడ గడియారం మయామీ టైంలో, ఫోన్ ద్వీపం టైంలో. చలికాలంలో గంట తేడా. తిరిగొచ్చే దారంతా ఓడ వెళ్లిపోతుందేమోనని టెన్షనే.

ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్, కవి డెరెక్ వాల్కాట్, ఇద్దరు నోబెల్ గ్రహీతలు పుట్టిన చోటు కాస్ట్రీస్. వాల్కాట్ పేరు పెట్టిన చౌక్‌లో కాసేపు కూర్చోవాలని ఎన్నాళ్లుగానో అనుకున్నాను. కుదరలేదు.

దారిలో అరటి తోటలు చూసి అమ్మ, "అచ్చం మన కోనసీమలా ఉందిరా, ఒక్కసారి దిగుదామా?" అంది. వ్యాను ఆపమని అడగలేకపోయాను.