అలల మూత అందమే, వాడకం మాటేమిటి?
అలలు, చేపల బొమ్మలు వేసిన చెక్క పోపుల పెట్టెల గురించి మీ వ్యాసంలో రాశారు. ఫొటోలు అదిరాయి, కానీ వాడకం సంగతి ఒక్క ముక్కా లేదు. మా ఇంట్లో ఏటికొప్పాక (చెక్క బొమ్మలకు పేరున్న ఆంధ్ర ఊరు) లక్క డబ్బాలున్నాయి. అంకుడు కర్రను లేత్ (కర్రను గిరగిరా తిప్పే యంత్రం) మీద తిప్పుతూ లక్క ఒత్తితే, ఆ రాపిడి వేడికే కరిగి పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అదే లక్క పొయ్యి పక్కన పెడితే మెత్తబడుతుంది. సింకులో వేసి తోమారో, అంతే సంగతులు! పొడిగుడ్డతో తుడవాలి. ఉప్పు పోయకండి, చెమ్మ లాగుతుంది. సముద్రం బొమ్మ మూత పైన ఎంతైనా వేసుకోనీ, లోపల కూడా రంగో, రెజినో (గట్టిపడి మెరిసే జిగురు పూత) పూసి ఉంటే అందులో కారం పోయడానికి నాకైతే మనసొప్పదు. కొనేముందు మూత తీసి చూడండి.