పది తూటాలు కాల్చాక చెప్పండి, ఆ రైఫిల్ ఆ ధరకి తగినదో కాదో

"అన్నా, దీనికి ఇంత పెట్టొచ్చంటావా?" అంటూ నాతో షూటింగ్ రేంజికి వచ్చే కుర్రాడు ఫోన్‌లో ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒకటి కాల్చి, తర్వాతి తూటా తనే ఎక్కించుకునేది) ఫొటో చూపించాడు. మామూలు రైఫిల్ ధరకి దాదాపు నాలుగు రెట్లు ఉంది. ఈమధ్య బయట దేశాల్లో ఉంటున్న మనవాళ్ళ దగ్గర ఈ ప్రశ్న తరచుగా వింటున్నాను. కారు కొనాలంటే పదిమందిని వాకబు చేసే మనం, దీని దగ్గరకి వచ్చేసరికి కంపెనీ పేరు చూసి, అమ్మేవాడి మాట విని డబ్బు కట్టేస్తున్నాం. అసలు కొనాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది, ఉంటున్న దేశపు చట్టం ఎలాగూ ఒప్పుకోవాలి. కొనాలని తేల్చుకున్నవాళ్ళకి మాత్రం గట్టిగా చెబుతాను: ఒక స్థాయి దాటాక రైఫిల్‌కి ఎంత ఎక్కువ పెట్టినా గురి కుదరదు. ఆ మిగులు డబ్బు తూటాలకీ శిక్షణకీ పెడితే కుదురుతుంది.

మనవాళ్ళు ఎక్కువగా చూసేది ఏఆర్-15 రకం. ఏఆర్ అంటే ఆర్మలైట్, 1950లలో యూజీన్ స్టోనర్ దాన్ని రూపొందించిన కంపెనీ పేరు. 1959లో ఆ హక్కుల్ని కోల్ట్ అనే తుపాకుల కంపెనీ కొనుక్కుంది. 1977లో పేటెంట్ గడువు తీరాక ఎవరైనా తయారుచేయగలిగే వస్తువైపోయింది. పెద్ద పేరున్న రైఫిల్‌కీ, పేరు లేనిదానికీ పైన కనిపించే అల్యూమినియం చట్రం చాలాసార్లు ఒకే రకం లోహంతో, లోహాన్ని అచ్చుల్లో కొట్టి మలిచే కొద్దిపాటి ఫోర్జింగ్ కర్మాగారాల నుంచే వస్తుంది. పైపైన చూసి తేడా చెప్పడం కష్టం. తేడా ఉన్నది తూటా దూసుకెళ్ళే గొట్టం బ్యారెల్‌లో, తూటాని వెనకనుంచి మూసిపట్టే బోల్ట్‌లో, ట్రిగ్గర్‌లో, అన్నిటికన్నా ముఖ్యంగా బిగించిన చేతిలో.

నేను కొన్న మొదటి రైఫిల్ ఇది నేర్పింది. కంపెనీ పేరు వద్దు. మూడు వందల తూటాలు కాల్చానో లేదో, కాలిన తూటాల ఖాళీ తొడుగులు సరిగా బయటపడక ఇరుక్కోవడం మొదలైంది. ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని విప్పాను. బోల్ట్‌ని మోసే బోల్ట్ క్యారియర్ మీద, తూటా కాలినప్పుడు వచ్చి దాన్ని వెనక్కి నెట్టే గ్యాస్‌ని అందుకునే చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని రెండు మరలు పట్టి ఉంచుతాయి. ఆ మరలు వదులవకుండా చుట్టూ ఉన్న లోహాన్ని పంచ్‌తో కొట్టి, మర తల అంచులోకి దిగేలా నొక్కాలి. నా దాంట్లో గోరుతో గీసినంత గాటు మాత్రమే ఉంది. మరలు వదులయ్యాయి, గ్యాస్ కారింది, బోల్ట్ పూర్తిగా వెనక్కి రాలేకపోయింది. ఆ గాట్లు లోతుగా పెట్టడానికి నిమిషం కూడా పట్టదు. మంచి కంపెనీకి మనం ఎక్కువ ఇచ్చేది ఆ నిమిషం కోసం. ప్రతి బోల్ట్‌నీ ఎక్కువ ఒత్తిడి తూటాతో కాల్చి చూసి, ఆ తర్వాత వెంట్రుకవాసి పగుళ్ళున్నాయేమోనని అయస్కాంతంతో పరీక్షించడం కోసం. చవకవాటిలో మొత్తం లాట్‌కి ఒకటో రెండో చూసి వదిలేయడం కద్దు. అంతవరకూ ధర న్యాయమే, నేను సంతోషంగా ఇస్తాను.

ఆ పైన రెట్టింపు, మూడింతలు అడిగేది గురి పేరు చెప్పి. "ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ గ్యారంటీ" అంటారు. అంటే 100 గజాల దూరంలో తూటాలన్నీ అంగుళం కాస్త పైచిలుకులో పడతాయని. ఎన్ని తూటాలు అని అడగండి. చాలాసార్లు మూడు. అదే రైఫిల్, అదే చెయ్యి, అవే తూటాలు అయినా, పది కాలిస్తే చిల్లులు పరుచుకునే వెడల్పు మూడు కాల్చినప్పటి కంటే సగటున ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది. మూడు చిల్లుల కాగితం చూసి డబ్బులివ్వకండి.

మా కుర్రాడికి ఇది మాటల్లో చెబితే నమ్మకం కలగలేదు. ఒక స్నేహితుడి దగ్గర అలాంటి ఖరీదైన రైఫిలే ఉంటే అడిగి, ఒకే బల్ల మీద, ఒకే ఇసుక సంచి మీద పెట్టి ఇద్దరం పదేసి కాల్చాం. చవక తూటాలతో ఆ రైఫిల్‌కి రెండు అంగుళాలు వచ్చింది, నా మామూలుదానికి రెండున్నర. తర్వాత నా దాంట్లోనే మ్యాచ్ తూటాలు, అంటే పోటీల కోసం జాగ్రత్తగా చేసినవి, పెట్టి కాల్చాను. ఒకటిన్నర. కాగితం మీద వేలు పెట్టి కొలుచుకుంటూ వాడు చాలాసేపు మాట్లాడలేదు. బ్యారెల్ లోపల తూటాని గిర్రున తిప్పే గాళ్ళ మెలికకి తగిన బరువున్న తూటా దొరికితే జరిగేది అది. ట్రిగ్గర్ మార్చుకోవడం ఇంకో మంచి ఖర్చు. ఆరేడు పౌండ్ల బలంతో గరగరలాడుతూ కదిలే ట్రిగ్గర్ బదులు నాలుగున్నర పౌండ్లకి శుభ్రంగా వదిలేది పెడితే వేలు బిగుసుకోదు, గురి చెదరదు. కాగితం మీద చిల్లులు దగ్గరదగ్గరగా పడటమే కావాలంటే సెమీ ఆటోమేటిక్ కన్నా, ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగే బోల్ట్ యాక్షన్ రైఫిల్ తక్కువ ధరలో ఇస్తుంది. కదిలే భాగాలు తక్కువ కదా.

మరి ఖరీదైనది ఎవరికి? పోటీలకి వెళ్ళేవాళ్ళకి, ఏడాదికి వేలల్లో కాల్చేవాళ్ళకి. వేడెక్కినా గురి జరగని బ్యారెల్, ఎంతకీ మొరాయించని బోల్ట్ వాళ్ళకి నిజంగా అవసరం. మనలో చాలామంది ఏడాదికి నాలుగుసార్లు రేంజికి వెళ్ళి రెండేసి వందలు కాలుస్తాం. మంచి బ్యారెల్ పదివేల తూటాలకైనా ఆగుతుంది. ఈ లెక్కన అది అరగడానికి పన్నెండేళ్ళు దాటుతుంది.

ఇంకొకటి నన్ను నిజంగా బాధపెడుతుంది. రైఫిల్‌కి అంత పోసి, తాళం వేసే ఉక్కు బీరువా దగ్గర బేరమాడుతున్నారు. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు, ఇంట్లో ఎవరైనా మనసు బాగోలేక సతమతమవుతున్నవాళ్ళు, బీరువా కొనకుండా రైఫిల్ ఇంటికి తేవద్దు. తూటాలు వేరే చోట, వేరే తాళంలో ఉండాలి. ఆ ఖర్చు రైఫిల్ ధరలో భాగమే.

మా కుర్రాడు ఆ ఫొటో రైఫిల్ ఇంకా కొనలేదు. బీరువా కొన్నాడు, గోడకి బోల్టులు దిగ్గొట్టించాడు. రెండు రోజుల శిక్షణకి పేరిచ్చాడు. వచ్చే ఆదివారం రేంజిలో అద్దె రైఫిల్‌తో పది తూటాలు కాలుస్తానన్నాడు, కాగితం దాచి తెమ్మన్నాను.