శాలువా కప్పే ముందు ఒక్క మాట అడుగుదాం

మన సంఘం ఉగాది కార్యక్రమం అయిన రాత్రి నుంచి ఇది రాయాలనుకుంటున్నాను. కార్యక్రమం బాగా జరగలేదని కాదు. పచ్చడి కుదిరింది, పంచాంగ శ్రవణం టైముకి మొదలైంది, పిల్లల నాటకం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పిట్స్‌బర్గ్‌లో హైస్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకుని పండగ చేసిన వాళ్లకి ఇవన్నీ ఎంత పెద్ద విషయాలో తెలుసు. ఆ తర్వాత గ్రాండ్ స్పాన్సర్‌గారిని స్టేజి మీదకి పిలిచారు. యాంకరింగ్ చేస్తున్న అమ్మాయి ఆయన్ని దానకర్ణుడు అంది. అందరం చప్పట్లు కొట్టాం. శాలువా, మెమెంటో ఉన్న పళ్లెం పట్టుకుని ఆయన పక్కన నిలబడింది నేనే.

చప్పట్లు విని, కెఫెటేరియాలో భోజనాలు సర్దుతున్న వాలంటీర్లు కూడా ఆడిటోరియం తలుపు దాకా వచ్చి చూశారు. పది నిమిషాల తర్వాత నేను కిందకి వెళ్లేసరికి పులిహోర ట్రే దగ్గర ఎవరూ లేరు. గరిటె పులిహోరలో గుచ్చి అలాగే ఉంది, పక్కన పసుపు అంటిన ప్లాస్టిక్ గ్లవ్స్ జత. ఆ ట్రే దగ్గర నిలబడాల్సిన కుర్రాడు నవంబరు నుంచి మా ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటున్నాడు. ఖమ్మం వైపు వాళ్లు. బయట పార్కింగులో మా కారు పక్కన, ఆ చలిలో, కోటు కూడా లేకుండా నిలబడి ఉన్నాడు. ఏమైంది నాన్నా అంటే కాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత, "ఆంటీ, మీరు శాలువా కప్పించింది మా ఓనర్‌గారికే" అన్నాడు.

ప్రాజెక్టు అయిపోయిందని, ఇంకోటి దొరికేదాకా ఖాళీగా బెంచ్ మీద ఉన్నాడని, మూడు నెలలుగా జీతం రావడం లేదని మాకు తెలుసు. కంపెనీ పేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి బెంచ్ మీదున్నా జీతం ఇచ్చి తీరాలని చట్టం ఉంది. ఆ సంగతి వాడికీ తెలుసు. కానీ వీసా వాళ్ల చేతిలో ఉంది, ఊళ్లో చదువు అప్పు ఉంది, ఎవరికని చెప్పుకుంటాడు?

తర్వాతి వారం కమిటీ మీటింగులో పేర్లు చెప్పకుండా ఈ విషయం ఎత్తాను. నేను చాలా గౌరవించే ఒక పెద్దాయన, నాకు ఈ ఊళ్లో డ్రైవింగ్ నేర్పిన మనిషి, ఇలా అన్నారు: "అమ్మా, ఆయన ఇవ్వకపోతే హాలు అద్దె ఎవరు కడతారు? అసలు మనం ఉంటున్నది కార్నెగీ ఊరు. ఆయన కార్మికుల్ని ఏం చేశాడో ఇప్పుడెవరికి గుర్తుంది? లైబ్రరీలు గుర్తున్నాయి." ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇదే నా జవాబు.

ముందు కార్నెగీకి దక్కాల్సిన మాట దక్కాలి. స్టీలు మిల్లుల యజమాని ఆండ్రూ కార్నెగీ నేతగాడి కొడుకు. 1835లో స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టాడు. మరమగ్గాలొచ్చి తండ్రి చేతిమగ్గం మూలపడింది. చీరాల, పోచంపల్లి వాళ్లకి ఆ కథ నేను చెప్పక్కర్లేదు. 1848లో కుటుంబమంతా ఇక్కడికి, ఇప్పుడు మనం నార్త్ సైడ్ అనే చోటికి, వలస వచ్చింది. పదమూడేళ్ల పిల్లాడు వారానికి డాలరూ ఇరవై సెంట్లకి నూలు మిల్లులో పనికి వెళ్లాడు. కల్నల్ ఆండర్సన్ అనే ఆయన శనివారాల్లో పనిపిల్లలకి తన సొంత పుస్తకాలు చదువుకోవడానికి ఇచ్చేవాడు. ఆ మేలు కార్నెగీ మర్చిపోలేదు. ప్రపంచమంతా రెండున్నర వేలకి పైగా లైబ్రరీలు కట్టించాడు, ఆస్తిలో దాదాపు తొంభై శాతం, 35 కోట్ల డాలర్లు, బతికుండగానే ఇచ్చేశాడు. ఓక్‌లాండ్ లైబ్రరీ గుమ్మం మీద, ఇది జనానికి ఉచితం అని రాతిలో చెక్కి ఉంటుంది. నేను డ్రైవింగ్ రాక, ఉద్యోగం లేక, ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక బస్సెక్కి వెళ్లింది అక్కడికే. మా పిల్లలిద్దరూ ఈత నేర్చుకుంది మన్‌హాల్‌లో, హోమ్‌స్టెడ్ కార్నెగీ లైబ్రరీ ఈతకొలనులో. ఆ రుణం నాకుంది, కాదనను.

కానీ ఆ లైబ్రరీ గుట్ట దిగితే నది ఒడ్డున ఏముండేదో కూడా చెప్పాలి కదా. మనం వీకెండ్ షాపింగుకి వెళ్లే వాటర్‌ఫ్రంట్ ఉందే, అక్కడ వరసగా నిలబడిన పొగగొట్టాలు హోమ్‌స్టెడ్ స్టీలు మిల్లువి. 1892లో అక్కడ కార్మికుల ఒప్పందం ముగిసింది. కార్నెగీ స్కాట్లాండ్‌లో ఉన్నాడు, వ్యవహారం తన కంపెనీ నడిపే హెన్రీ ఫ్రిక్ చేతికి వదిలేశాడు. ఫ్రిక్ మిల్లు చుట్టూ ఎత్తయిన కంచె కట్టించి, కార్మికుల్ని బయట పెట్టి, జులై 6 తెల్లవారుజామున పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా కంపెనీ మనుషుల్ని మూడొందల మందిని తుపాకులతో పడవల మీద దింపబోయాడు. రెండు వైపులా కలిపి కనీసం పది మంది చనిపోయారు. తర్వాత గవర్నరు ఎనిమిది వేలకి పైగా సైనికుల్ని పంపాడు. నవంబరుకల్లా సమ్మె విఫలమై యూనియన్ ఓడిపోయింది, మళ్లీ ఆ కంపెనీలో యూనియన్‌కి గుర్తింపు రావడానికి 1937 దాకా పట్టింది. ఆ పడవలు ఆగిన చోట పంప్‌హౌస్ ఇంకా ఉంది. నేను ఈమధ్యే వెళ్లి చూశాను, పద్దెనిమిదేళ్లుగా దాని పక్కనుంచే వెళ్తూ ఒక్కసారీ ఆగలేదు.

హోమ్‌స్టెడ్ లైబ్రరీ 1898లో, అంటే సమ్మె ఓడిపోయిన ఆరేళ్లకి, తెరిచారు. అప్పటికి మిల్లులో రోజుకి పన్నెండు గంటల పని, పగలూ రాత్రీ షిఫ్టులు మారే రోజున ఏకంగా ఇరవైనాలుగు గంటలు. ఆ కొలిమి దగ్గర నుంచి ఇంటికొచ్చిన మనిషి గుట్టెక్కి పుస్తకం తెరుస్తాడా? ఆ పన్నెండు గంటల పని పోవడానికి 1923 దాకా పట్టింది. 1901లో కార్నెగీ తన కంపెనీని 48 కోట్ల డాలర్లకి అమ్మేసి, మిల్లుల్లో దెబ్బలు తగిలిన వాళ్లకి, ముసలివాళ్లకి నలభై లక్షల డాలర్ల నిధి పెట్టాడు. అంటే వాళ్లకి బాకీ ఉన్నానని ఆయనకీ తెలుసనే నేననుకుంటాను.

మా అమ్మమ్మ అనేది, ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టు అని. చెప్పులు దొరికినవాడికి కాళ్లు కాలలేదు, అదీ నిజమే, మా పిల్లలకి ఈత వచ్చింది. కానీ ఆవు ఎవరిది? హోమ్‌స్టెడ్‌లో పోగొట్టుకున్న వాళ్లు వేరు, వందేళ్ల తర్వాత లాభపడిన నేను వేరు. నాకొచ్చిన మేలుని వాళ్ల నష్టంలోంచి తీసేసి, మొత్తం మీద మంచే జరిగింది అని లెక్క తేల్చే హక్కు నాకెక్కడిది?

మా ఊళ్లో అందరూ ధర్మరాజులేం కాదు. కానీ శ్రీరామనవమి పందిరి భోజనాలు పెట్టే ఇంటివాళ్లు ముందురోజు సాయంత్రమే కూలీల బాకీలన్నీ తీర్చేసేవాళ్లు. మా తాతయ్య అరుగు మీద కూర్చుని, లాంతరు పెట్టుకుని, పేరు పేరునా పిలిచి ఇచ్చేవారు. డబ్బు చాలకపోతే ఆ ఏడాది వంటకాల్లో ఒకటి తగ్గేది. కూలి బాకీ ఉన్నవాడు రేపు పంక్తిలో కూర్చుని ఏ ముఖంతో తింటాడు, నేను ఏ ముఖంతో వడ్డిస్తాను అనేవారు. ఆ అలవాటుని మనం ఇక్కడికి తెచ్చుకోలేదు. శాలువా మాత్రం తెచ్చుకున్నాం.

స్పాన్సర్లు వద్దని నేననడం లేదు. 1976 నాటికి ఇక్కడున్న కొద్ది కుటుంబాలే తలా ఇంత వేసుకుని, టీటీడీ సాయంతో, పెన్ హిల్స్ గుట్ట మీద వేంకటేశ్వరస్వామి గుడి లేపారు. ఇచ్చే చెయ్యి లేకపోతే ఏదీ లేవదని మనకంటే తెలిసినవాళ్లెవరు? నేనడిగేది చిన్నది. స్పాన్సర్‌షిప్ ఫారంలో ఒక్క లైను చేరుద్దాం, మీ దగ్గర పనిచేసేవాళ్లకి జీతం బాకీ ఏమైనా ఉందా అని. బాకీ ఉంటే అది తీర్చాకే చెక్కు తీసుకుందాం. అబద్ధం రాసేవాళ్లు రాస్తారు, రాయనివ్వండి. మన సంఘం అడిగింది అని ఆ పిల్లలకి తెలుస్తుంది, చెప్పుకోవడానికి ఒక గడప ఉందని తెలుస్తుంది. అందువల్ల వచ్చే ఏడు హాలు అద్దెకి డబ్బు తక్కువైతే గుడి కింది హాల్లో చేసుకుందాం, ఒక స్వీటు తగ్గించుకుందాం. కార్నెగీ కార్మికులకి ఇప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు. మన కుర్రాళ్లు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు.

మా బేస్‌మెంట్ కుర్రాడికి క్లీవ్‌లాండ్‌లో వేరే కంపెనీలో ఉద్యోగం వచ్చింది, పోయిన ఆదివారం సామాను తీసుకుని వెళ్లాడు. వాలంటీర్ టీషర్టు ఉతికి మడతపెట్టి మంచం మీద పెట్టి వెళ్లాడు. మూడు నెలల జీతం ఇంకా రాలేదు. దసరా స్పాన్సర్ల ఫారం త్వరలో ప్రింటుకి వెళ్తుంది. ఆ లైను అందులో ఉండాలని ఈసారి జనరల్ బాడీలో ప్రతిపాదిస్తున్నాను. దయచేసి చెయ్యెత్తడానికి రండి.