ఇసకకి కరెంటు బిల్లు

ఇంట్లో అక్వేరియం పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందుగా ఒక మూఢనమ్మకాన్ని వదులుకోవాలి. చేప కనబడి తీరాలన్నదే ఆ నమ్మకం. గోల్డ్‌ఫిష్‌లు, గప్పీలు, నుదుట బొప్పి కట్టిన ఫ్లవర్‌హార్న్‌లు కలిసి జనాన్ని ఇలా పాడుచేశాయి. పొద్దస్తమానం గాజు దగ్గరికొచ్చి తోక ఆడించడం, మనిషి అలికిడైతే చాలు మేత కోసం నోరు తెరవడం, ఇదంతా చవకబారు వ్యవహారం. పరువు గల ఇంట్లో ఉండాల్సింది బల్లపరుపు చేప.

అమెరికాలో పెంపుడు చేపల దుకాణాల్లో దీన్ని ‘ఫ్రెష్‌వాటర్ ఫ్లౌండర్’, అంటే మంచినీళ్ల బల్లపరుపు చేప, అని చీటీ అంటించి అమ్ముతుంటారు. చాలాసార్లు అది హాగ్‌చోకర్ అనే చేప. అట్లాంటిక్ తీరం వెంబడి ఉంటుంది. చెసపీక్ అఖాతంలోనూ అందులో కలిసే పొటోమాక్ నది దిగువనా బోలెడన్ని. ఆ నది ఒడ్డునే ఉన్న ఉత్తర వర్జీనియాలో మన తెలుగువాళ్లు దీన్ని డాలర్లు పోసి కొంటున్నారంటే ఎగతాళి చేయనక్కర్లేదు. ఊరికే దొరికేదానికి ఇంట్లో ఏం విలువ ఉంటుంది?

కొన్నప్పుడు నాణెమంత ఉంటుంది. దానికోసం పెద్ద గాజు తొట్టె, ఫిల్టరు, లైటు, మెత్తటి ఇసక. గులకరాళ్లు పనికిరావు, పొట్ట గీసుకుపోతుంది. అంతా అమర్చి చేపను వదిలితే అడుక్కి దిగి, ఒంటి అంచుల్ని ఒక్కసారి జలజలా ఆడించి, ఇసకంతా మీద కప్పేసుకుంటుంది. చిన్న కళ్లు రెండు పైకి మిగులుతాయి, అవీ ఎక్కడున్నాయో ముందే తెలిసినవాడికే. ఇక్కడ ఒక ఇల్లాలు భర్తను అడిగిన మాట: “ఏవండీ, లోపల నిజంగా చేప ఉందా, ఇసకకి కరెంటు బిల్లు కడుతున్నామా?” కాకినాడ నుంచి వీడియో కాల్‌లో తొట్టె చూసిన అత్తగారు ఇంకో అడుగు ముందుకేశారు: “అప్పుడే పులుసు పెట్టేశారేంట్రా?”

వీళ్లకి చేప చరిత్ర తెలియదు. ఇది పుట్టుకతో బల్లపరుపు కాదు. పిల్లగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే నిటారుగా ఈదుతుంది, చెరో పక్కా ఒక్కో కన్ను. తర్వాత ఎడమ కన్ను నెత్తి మీదుగా ప్రయాణం కట్టి కుడి పక్కకి చేరుతుంది, ఎడమ పక్క శాశ్వతంగా నేలకి అంటుకుపోతుంది. పడుకోవడం కోసం పుర్రెనే మార్చుకున్న ప్రాణి అది. వారాంతం మధ్యాహ్నం సోఫాలో కాస్త నడుం వాల్చడానికి సంజాయిషీ చెప్పుకునే మనమా దాన్ని విమర్శించేది?

దాక్కోవడంలోనూ దీని బంధువర్గం సామాన్యమైనది కాదు. చెన్నైలో వైద్యం చదివి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ బృందం సముద్రపు ఫ్లౌండర్లని చదరంగపు గళ్ల మీద ఉంచి చూసింది. కొన్ని సెకన్లలోనే అవి ఒంటి మచ్చల్ని ఆ నేలకి తగ్గట్టు సర్దుకున్నాయని 1996లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. ఈపాటికి పార్టీలు మారే ఎమ్మెల్యేల ప్రస్తావన వస్తుందని పాఠకులు ఎదురుచూస్తుంటారు. రాదు. చేప పరువు కూడా చూడాలి కదా.

ఇక ఉప్పు సంగతి. అమెజాన్, మెకాంగ్ నదుల్లో మంచినీళ్లలోనే బతికే బల్లపరుపు జాతులు నిజంగానే ఉన్నాయి. హాగ్‌చోకర్ అలా కాదు. ఏరు సముద్రంలో కలిసే ఉప్పటి నీళ్లలో పుడుతుంది, పిల్లలు ఏటికి ఎదురెక్కి మంచినీళ్ల వైపు పోతాయి, పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్లీ ఉప్పునీళ్లకే దిగుతాయి. చదువుకోడానికి అమెరికా వచ్చి పెళ్లికి మాత్రం ఊరికి విమానమెక్కే మన కుర్రాళ్లలాగా. దుకాణం చీటీ మీద ‘ఫ్రెష్‌వాటర్’ అన్నది పచ్చి అబద్ధం కాదు, చేప బాల్యానికి సంబంధించిన సమాచారం. అందుకే అనుభవజ్ఞులు దీని తొట్టెలో సముద్రపు ఉప్పు కలిపి నీళ్ల ఉప్పదనం కొలుస్తారు. వంటింటి అయొడైజ్డ్ ఉప్పు గుప్పెడు వేస్తే సరిపోతుందనుకునేవాళ్లు పచ్చడి పెట్టుకోవడం మంచిది.

భోజనం దగ్గర మాత్రం ఈ చేపకి మొహమాటం ఎక్కువ. డబ్బాలో వచ్చే మేతని సాధారణంగా ముట్టదు. బతికున్న పురుగులు కావాలి, లేదా గడ్డకట్టించిన బ్లడ్‌వర్మ్స్ అనే ఎర్ర పురుగులు. వాటి ప్యాకెట్టు ఫ్రీజర్‌లో గోంగూర పక్కన ఎలా చేరిందన్న అంశం మీద కొన్ని ఇళ్లల్లో ఇంకా చర్చలు నడుస్తున్నాయి. పైగా రాత్రిపూట, లైట్లన్నీ ఆర్పాక, పొడవాటి గొట్టంతో దాని ముక్కు ముందు పడేయాలి. ఆలస్యమైతే తోటి చేపలు ఊడ్చేస్తాయి. ఇది పోటీపడదు, అడగదు, అలగదు. తొట్టెల్లో ఇది పోవడానికి ఒక మామూలు కారణం ఆకలి. పోయిన సంగతి ఇంట్లోవాళ్లకి వెంటనే తెలియదు, ఎందుకంటే బతికున్నప్పుడూ అది ఇలాగే ఉండేది.

ఎప్పుడైనా దర్శనమిచ్చిందా, గాజుకి అతుక్కునే ఇస్తుంది. అప్పుడూ బయటివాళ్ల వైపున్నది పాలిపోయిన పొట్ట పక్కే. కళ్లు రెండూ అవతలి వైపు. ఇంటికొచ్చిన చుట్టాలు ఫోన్లు తీసి ఆ పొట్టకే ఫొటోలు తీసుకుని పోతారు.

ఇంత శ్రమ అవసరమా అని ఆలోచించినవాడు మా పక్క వీధిలో ఒకడున్నాడు. తొట్టె కొన్నాడు, ఇసక పోశాడు, లైటు పెట్టాడు, చేప దగ్గర ఆగిపోయాడు. వచ్చినవాళ్లకి లోపల రెండున్నాయని చెబుతున్నాడు. పిల్లలు గంటసేపు వెతుకుతున్నారు. మొన్నొకరు తోక కూడా చూశారట.